నొగ మీద బరువెంత: మా ట్రైలర్ ప్రాజెక్టు డైరీ

మే 11, ఆదివారం

అమ్మ తిరుపతి దాటి రెండేళ్లయింది. మోకాళ్లు అరిగిపోయాయి, కింద కూర్చోలేదు. కారులో ఎంతసేపైనా కూర్చుంటుంది కానీ దారిలో బాత్రూం సంగతే ఆమెకు టెన్షన్. ఆపిన చోట కమోడ్ ఉండదు, కమోడ్ ఉన్న చోట మెట్లుంటాయి. అందుకని బయల్దేరే రోజు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తుంది. అది చూడలేకే ఈ పని మొదలుపెట్టాను. కమోడ్, రెండు మంచాలు, చిన్న వంటగట్టు ఉన్న ట్రైలర్ ఒకటి కొని మా డీజిల్ ఎస్‌యూవీ వెనక తగిలించుకోవాలి. మొదటి ప్రయాణం హార్స్‌లీ హిల్స్‌కి. పెళ్లయిన కొత్తలో అమ్మ, నాన్న వెళ్లిన చోటు అది.

బెంగళూరులో రెండు పాత ట్రైలర్లు చూసి వచ్చాం. పెద్దది రెండు ఇరుసులది, సామాను నింపాక 1,750 కిలోలు. చిన్నది ఒకే ఇరుసుది, ఆర్సీలో ఖాళీ బరువు 860, నిండు బరువు 1,250. పెద్దదానిలో అమ్మకు విడిగా గది వస్తుంది. ఇంట్లో అందరికీ అదే నచ్చింది. మా బండి దాన్ని లాగుతుందా అని అడిగితే అమ్మే ఆయన "రెండు టన్నులు లాగుతుంది సార్, ఏం ఆలోచించకండి" అన్నారు. ఆ మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

మే 18, ఆదివారం

వారమంతా లెక్కలు చదివాను. కొత్తవాళ్లం అందరం అడిగే ప్రశ్న "ఎంత లాగుతుంది?" అని. ఇంజిన్ లాగుతుంది, అది నిజమే. కానీ ట్రైలర్ ముందు కొన మన బండి వెనక బిగించిన ఇనుప గుండు మీద కూర్చుంటుంది, దాన్నే బాల్ అంటారు. ఆ కొన బరువును బండి మోయాలి. మనుషులు, సామాన్లు, ఆ కొన బరువు, అన్నీ కలిపి బండికి ఒప్పుకున్న నిండు బరువు దాటకూడదు. చాలా బండ్లలో లాగే శక్తి ఇంకా మిగిలి ఉండగానే మోసే శక్తి అయిపోతుంది.

ఆ కొన బరువు ఎంతుండాలంటే, అమెరికాలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అంటారు. బ్రిటన్‌లో 5 నుంచి 7 శాతం చాలంటారు. అక్కడి కారవాన్లలో (ఇలాంటి ట్రైలర్లనే అక్కడ అలా అంటారు) బరువైన వస్తువులన్నీ కిందుగా, ఇరుసుకు దగ్గరగా అమరుస్తారు. కార్ల బాల్‌కు ఉండే పరిమితి కూడా తక్కువ, కారవాన్ లాగుతున్నప్పుడు మోటార్‌వే మీద కూడా గంటకు 60 మైళ్లు దాటకూడదు. బెంగళూరులో చూసిన రెండు ట్రైలర్లూ ఇరుసు వెనక బాగా పొడుగ్గా ఉన్నాయి. అందుకని తోక ఊగకుండా నేను 10 శాతం పట్టుకున్నాను.

బ్రిటన్ కారవాన్ క్లబ్బులు కొత్తవాళ్లకు ఇంకో సలహా ఇస్తాయి: నిండు ట్రైలర్ బరువు లాగే బండి ఖాళీ బరువులో 85 శాతం దాటకుండా చూసుకోమని. మా ఆర్సీలో ఖాళీ బరువు 1,790 కిలోలు. అందులో 85 శాతం సుమారు 1,520. పెద్ద ట్రైలర్ 1,750, అంటే దాదాపు మా బండంత బరువు. అక్కడే నా మనసు కొంచెం వెనక్కి తగ్గింది.

మోసే లెక్క మాత్రం కాగితం మీద బాగానే వచ్చింది. నిండు బరువు 2,430, ఖాళీ బరువు 1,790, తేడా 640. ఇంట్లో అందరినీ బాత్రూం తూకం మీద నిలబెట్టాను. నేను 78, మా ఆవిడ 64, అమ్మ 52, అబ్బాయి 58, పాప 41. మొత్తం 293. డిక్కీలో సామాన్లు 90. ఇంకా 257 కిలోలు మిగిలాయి. పెద్ద ట్రైలర్ కొన బరువు 175 అనుకున్నా సరిపోతుంది.

బండి పేరు కావాలనే రాయడం లేదు. ఒకే మోడల్‌లో కూడా ఏడాది మారితే, సీట్లు మారితే అంకెలు మారతాయి. మీ ఆర్సీ, మీ మాన్యువల్ చూసుకోండి.

మే 25, ఆదివారం

డీజిల్ ఫుల్ చేయించి, ఖాళీ బండిని కాటా మీద పెట్టాను. చీటీలో 1,900 పడింది. నమ్మలేక మళ్లీ వేయించాను. మళ్లీ 1,900.

ఆర్సీ కంటే 110 కిలోలు ఎక్కువ. ఆలోచిస్తే అంతా అర్థమయింది. ఫుల్ ట్యాంకు డీజిలే 50 కిలోలు. పైన క్యారియర్ 31, బాల్‌ను పట్టి ఉంచడానికి కొత్తగా వేయించిన ఇనుప చట్రం, అదే హిచ్, 24, మిగిలింది పనిముట్లు, మ్యాట్లు. పోయిన వారం మిగిలిందనుకున్న 257 ఇప్పుడు 147 అయింది. పెద్ద ట్రైలర్‌కు 10 శాతం లెక్కనే 175 కావాలి. ఇక దాని గురించి మాట్లాడేదే లేదు. ఇంటికొచ్చి చెబితే పిల్లల ముఖాలు చిన్నబోయాయి. అమ్మ మాత్రం "నాకు గది ఎందుకురా, కమోడ్ ఉంటే చాలు" అంది.

ఎనభై రూపాయల కాటా చీటీ లక్షల రూపాయల తప్పును ఆపింది. ట్రైలర్ కొనాలనుకునే వాళ్లెవరైనా ముందు తమ బండిని తూకం వేయించాలి. ట్రైలర్‌ను చూడటానికి వెళ్లడం ఆ తర్వాతే.

హిచ్ గురించి కూడా ఇక్కడే రాస్తాను. రేణిగుంట రోడ్డులో ఒక వర్క్‌షాప్‌లో చేయించాను. బంపర్‌కు కాకుండా ఛాసిస్ రెండు పట్టీలకూ బోల్టులతో బిగించారు. వెల్డింగ్ పెడితే తొందరగా అయిపోతుందని ఆ అన్న అన్నాడు కానీ నేను ఒప్పుకోలేదు. ఛాసిస్ మీద వెల్డింగ్ వేడి తగిలిన చోట ఇనుము గుణం మారుతుంది. బోల్టయితే వదులైందో లేదో స్పానర్ పెట్టి చూసుకోవచ్చు.

జూన్ 1, ఆదివారం

చిన్న ట్రైలర్ కొన్నాం. టైర్ల వయసు తెలియకుండా మొగిలి ఘాట్‌లో దించడం ఇష్టంలేక ఫ్లాట్‌బెడ్ లారీ మీద తెప్పించాను. కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కూ వేరే వాహనాలకు ఉన్నట్టే రిజిస్ట్రేషన్ ఉండాలి. కర్ణాటక బండి కాబట్టి అక్కడి ఎన్ఓసీ తీసుకుని ఇక్కడ మార్పించుకోవాలి. ఆర్సీ లేని ట్రైలర్ ఎంత చవకగా వచ్చినా కొనకండి.

ఇంటి ముందు తగిలించబోయి ఒక విషయం గమనించాను. కప్లర్, అంటే ట్రైలర్ ముందు కొనకు ఉన్న గిన్నె, బాల్ మీద కూర్చుంది, లాక్ కూడా పడింది. కానీ చేత్తో ఊపితే సన్నగా టిక్కుమంటోంది. వెర్నియర్ తెచ్చి కొలిచాను. మా బాల్ 50 మిల్లీమీటర్లు. కప్లర్ మీద రెండు అంగుళాలు అని అచ్చు ఉంది, అంటే 50.8. కంటికి రెండూ ఒకటే. ఆ 0.8 మిల్లీమీటర్ల తేడాతో కప్లర్ వదులుగా కూర్చుంటుంది, గతుకుల్లో బాల్ మీద నుంచి లేచే ప్రమాదం ఉంటుంది. తిరగేసి పెట్టినా తప్పే, 50 కప్లర్‌లో 50.8 బాల్ బిగుసుకుపోతుంది. బాల్ మార్చాను.

సేఫ్టీ గొలుసులు రెండూ కొన కింద ఇంటూ ఆకారంలో వేశాను. కప్లర్ ఊడినా కొన రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయల్లో పడుతుంది. వైరింగ్ ఏడు పిన్నులది. ఎడమ ఇండికేటర్ పసుపు, కుడిది ఆకుపచ్చ, బ్రేక్ లైటు ఎరుపు, ఎర్త్ తెలుపు. ఎర్త్ దగ్గర తుప్పు పట్టి ఉంటే బ్రేక్ నొక్కినప్పుడు ఇండికేటర్ వెలుగుతుంది. మాకు అదే జరిగింది. గరుకు కాగితంతో రుద్ది సరిచేశాను.

జూన్ 8, ఆదివారం

ఇవాళ నాకు చాలా భయం వేసింది. నీళ్లు, గిన్నెలు, పరుపులు, కుర్చీలు అన్నీ నింపి ట్రైలర్‌ను కాటాకు తీసుకెళ్లాను. నాలుగు కిలోమీటర్లే కదా అని కొన బరువు చూడకుండా బయల్దేరాను. అది తప్పు. 55 వేగంలో ఉండగా బస్సొకటి పక్కనుంచి దాటింది. ఆ గాలికి ట్రైలర్ తోక ఎడమకు పోయింది, కుడికి వచ్చింది, మళ్లీ ఎడమకు, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. స్టీరింగ్ చేతుల్లో ఉంది కానీ బండి నా మాట వినడం లేదు. చదివింది గుర్తొచ్చి గట్టిగా బ్రేక్ వేయలేదు, స్టీరింగ్ ఎదురు తిప్పలేదు. నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదిలాను. వేగం 35కి వచ్చేసరికి కుదుటపడింది. పక్కకు ఆపి చాలాసేపు దిగలేకపోయాను. అమ్మ బండిలో ఉండి ఉంటే అన్న ఆలోచనే వదల్లేదు.

కాటా దగ్గర మామిడి ట్రాక్టర్ల వరుస ఉంది. పల్ప్ ఫ్యాక్టరీకి బెంగళూరా కాయలు తెచ్చినవాళ్లు. నా ముందు దామలచెరువు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ట్రాక్టర్ దిగి ట్రైలర్ చుట్టూ తిరిగి చూశారు. తోక ఊగిన సంగతి చెప్పాను.

"బరువంతా యాడ పెట్నావు నాయనా?"

"నీళ్ల ట్యాంకు, బ్యాటరీ వెనకాల ఉన్నాయి పెద్దాయనా."

"ఇంకేం మరి! ఎద్దుల బండిలో మూటలు వెనక్కేస్తే నొగ పైకి లేస్తాది. అట్లని అంతా ముందరేస్తే ఎద్దు మెడ ఇరుగుతాది. నొగ మీద కొంచెం బరువు ఉండల్ల, ఎద్దుకు బండి తెలియల్ల. లాగేది ఎంతసేపు నాయనా, నిలబడేదే కష్టం."

వారాల తరబడి చదివిందంతా ఆయన రెండు నిమిషాల్లో చెప్పారు. ఎద్దుల బండికి కాడి దాకా వచ్చే ముందు దూలమే నొగ. ఈరోజు నుంచి ఈ డైరీలో కొన బరువు అనను, నొగ బరువు అంటాను. మన రైతులకు తరతరాలుగా తెలిసిన విషయానికి ఇంతకంటే మంచి మాట లేదు.

కాటాలో ట్రైలర్ సామానుతో 1,220. ఖాళీగా ఇంటి దగ్గర అన్నీ దించి వేయిస్తే 1,010. ఆర్సీలో 860 కదా, మిగతా 150 పాత యజమాని తర్వాత చేర్చిన ఏసీ, సోలార్ పలకలు, పక్క పందిరి, పెద్ద బ్యాటరీ. పత్రాల్లో ఉన్న ఖాళీ బరువుకు, మన వాకిట్లో నిలబడ్డ ట్రైలర్ బరువుకు చాలా తేడా ఉంటుంది.

నొగ బరువు కొలవడానికి బాత్రూం తూకమే వాడాను. తూకం 150 కిలోల దాకానే చూపిస్తుంది కాబట్టి నేరుగా పెట్టలేదు. ఒక గట్టి చెక్కదూలం, ఒక చివర ఇటుకల మీద పైపు, ఇంకో చివర తూకం. పైపు నుంచి ఒక అడుగు దూరంలో నొగ, నొగ నుంచి రెండడుగుల దూరంలో తూకం. అప్పుడు తూకం మీద మూడో వంతు బరువే పడుతుంది. దూలం బరువు తీసేసి, వచ్చిన అంకెను మూడుతో గుణించాలి. ట్రైలర్ సమంగా నిలబడి ఉండాలి, చక్రాలకు అడ్డుకట్టలు తప్పనిసరి. 19.3 వచ్చింది. అంటే 58 కిలోలు. 1,220లో అయిదు శాతం కూడా లేదు. తోక ఎందుకు ఊగిందో అర్థమయింది.

జూన్ 15, ఆదివారం

ఇరుసు నుంచి కప్లర్ దాకా సరిగ్గా మూడు మీటర్లు. లెక్క సులువు: ఒక వస్తువును ఎంత దూరం ముందుకు జరిపామో ఆ దూరాన్ని దాని బరువుతో గుణించి మూడుతో భాగిస్తే నొగ మీద పెరిగే బరువు వస్తుంది.

ట్యూబులర్ బ్యాటరీ 52 కిలోలు. ఇరుసుకు 1.2 మీటర్ల వెనక ఉన్న డబ్బాలోంచి తీసి 1.5 మీటర్ల ముందుకు, మంచం కింద పెట్టాను. 2.7 మీటర్లు జరిగింది, నొగ మీద 47 కిలోలు పెరగాలి. 70 లీటర్ల నీళ్ల ట్యాంకును ఒక మీటరు ముందుకు జరిపి దాదాపు ఇరుసు మీదికి తెచ్చాను. ఇంకో 23. మొత్తం 128 రావాలి.

సాయంత్రం మళ్లీ దూలం పెట్టాం. అబ్బాయి తూకం చదివాడు. 42.4. మూడు రెట్లు 127. వాడు నాకంటే ముందే కేక వేశాడు. 10.4 శాతం.

ట్యాంకు ఇరుసు దగ్గరికి రావడం వల్ల ఇంకో మంచి జరిగింది. నీళ్లు వాడేకొద్దీ నొగ బరువు పెద్దగా మారదు. ట్యాంకు ఇరుసుకు దూరంగా ఉంటే వెళ్లేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క అవుతుంది.

జూన్ 22, ఆదివారం

టైర్లు. పక్క గోడ మీద నాలుగంకెలు 1416 అని ఉన్నాయి. 2016లో 14వ వారం తయారైనవి. అరుగుదల లేదు, చూడటానికి కొత్తవే. కానీ ఎండలో నిలబడి గోడల మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. లోడ్ ఇండెక్స్ 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, రెండూ కలిపి 1,120. నొగ బరువు 58 ఉన్నప్పుడు ఇరుసు మీద 1,162 పడింది. నేను ఆ రోజు పరిమితి దాటిన తొమ్మిదేళ్ల టైర్ల మీద బస్సు గాలికి ఊగుతూ వెళ్లాను. ఇది రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. ఇప్పుడు లోడ్ ఇండెక్స్ 100 ఉన్నవి వేయించాను, ఒక్కోటి 800 కిలోలు.

బ్రేకులు ఓవర్‌రన్ రకం. మన బండి బ్రేక్ వేస్తే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకు కప్లర్ వెనకున్న కడ్డీ లోపలికి జరిగి కేబుల్‌ను లాగుతుంది, డ్రమ్ములు పట్టుకుంటాయి. కరెంటు అక్కర్లేదు. మాది గ్రీజు ఎండిపోయి కడ్డీ కదలడం లేదు, అంటే బ్రేక్ ఉండీ లేనట్టే. విప్పి, కడిగి, గ్రీజు పెట్టించి, రబ్బరు తొడుగు మార్పించాను. కప్లర్ ఊడితే దానంతటదే హ్యాండ్‌బ్రేక్ లాగే సన్నటి తాడు కూడా కొత్తది వేశాం. బరువు తక్కువున్న ట్రైలర్లకు యూరప్‌లో బ్రేకులు లేకపోయినా ఒప్పుకుంటారు, ఆ హద్దు 750 కిలోలు. 1,220 కిలోలకు బ్రేక్ లేకుండా అడుగు కూడా కదపకూడదు.

జూలై 6, ఆదివారం

జతగా తూకం. బండి కాటా మీద, ట్రైలర్ చక్రాలు కాటా బయట. మనుషులు, సామాన్లు అన్నీ ఎక్కించి, ముందు చక్రాలు వేరుగా, వెనక చక్రాలు వేరుగా వేయించాను. క్యారియర్ ముందే తీసేశాను.

ట్రైలర్ తగిలించకముందు: ముందు 1,040, వెనక 1,210.
తగిలించాక: ముందు 990, వెనక 1,390.

నొగ మీద 127 పెట్టాం కానీ వెనక ఇరుసు మీద 180 పడింది. బాల్ వెనక చక్రాలకు ఇంకా వెనకాల ఉంటుంది కాబట్టి అది తక్కెడలా పనిచేస్తుంది, ముందు చక్రాలను కొంచెం పైకి లేపుతుంది. స్టీరింగ్ తేలికవడం అందుకే. మా మాన్యువల్‌లో వెనక ఇరుసు పరిమితి 1,450, దాటలేదు. మొత్తం 2,380, పరిమితి 2,430. యాభై కిలోలు మిగిలింది.

ఈ యాభై గురించే ఇంట్లో పెద్ద చర్చ. మామయ్య కూడా వస్తానంటున్నారు. ఆయన 72 కిలోలు. మామూలుగా ఇలాంటప్పుడు "సర్దుకుందాం" అంటాం. ఈసారి కుదరదని ఆయనకే చెప్పాను. కదిలే ట్రైలర్‌లో మనుషులు కూర్చోకూడదు, కాబట్టి అటూ పంపలేను. ఆయన నొచ్చుకున్నారు. తర్వాతి ప్రయాణంలో పిల్లలిద్దరూ ఇంట్లో ఉంటారు, అప్పుడు రమ్మన్నాను.

జూలై 13, ఆదివారం

ఘాట్ పరీక్ష. ఇంట్లో వాళ్లను తీసుకెళ్లలేదు. వాళ్ల బదులు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పదకొండు తెచ్చి, సీట్లకు తాళ్లతో కట్టాను. తెల్లవారుజామున చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కాను. ఎక్కడంలో మూడో గేరు, మలుపుల్లో రెండు. వేడి ముల్లు కదల్లేదు. లారీలు దాటినప్పుడు ట్రైలర్ ఒక్కసారి చిన్నగా కదిలి నిలబడింది, ఊగలేదు.

దిగడమే అసలు పరీక్ష. ఓవర్‌రన్ బ్రేక్‌కు వాలులో ఒక ఇబ్బంది ఉంది. ట్రైలర్ ఎప్పుడూ ముందుకు తోస్తూనే ఉంటుంది కాబట్టి బ్రేకులు కొద్దిగా పట్టుకునే ఉంటాయి, డ్రమ్ములు వేడెక్కుతాయి. ఎక్కిన గేరులోనే దిగాను, ఇంజిన్‌తోనే ఆపుకుంటూ, మధ్యలో వెడల్పుగా ఉన్న చోట ఆగుతూ. కింద లేజర్ థర్మామీటర్‌తో డ్రమ్ములు చూస్తే ఎడమది 96 డిగ్రీలు, కుడిది 141. కుడి బ్రేక్ ఎక్కువ పడుతోంది. అక్కడే జాకీ పెట్టి సర్దుబాటు చేసి, చల్లారాక ఇంకోసారి ఎక్కి దిగాను. 92, 98.

అద్దాలు సరిపోలేదు. ట్రైలర్ మా బండి కంటే వెడల్పు, వెనకొచ్చే బైకులు కనబడవు. పొడవు చేతుల అద్దాలు కొనాలి.

జూలై 20, ఆదివారం

అద్దాలు వచ్చాయి. స్టేడియం పక్క ఖాళీ స్థలంలో రివర్స్ సాధన చేశాను. స్టీరింగ్ కింది భాగాన్ని పట్టుకుని, ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటే జరపడం అలవాటు చేసుకున్నాను. ఇరవై సార్లు చేస్తే పద్నాలుగు కుదిరాయి. ఇంకో వారం చెయ్యాలి.

హార్స్‌లీ హిల్స్ కొండ మీదికి ట్రైలర్ లాగను. ఆ మలుపుల్లో మా మొత్తం పొడవు కుదరదు. మదనపల్లె వైపు కింద నిలిపి, అమ్మను బండిలోనే పైకి తీసుకెళ్తాను.

సాయంత్రం అమ్మను ట్రైలర్ దగ్గరికి తీసుకొచ్చాను. మెట్టు కొంచెం ఎత్తుగా ఉందంది. రేపు వెల్డింగ్ అన్నతో ఇంకో మెట్టు, పట్టుకోవడానికి ఒక కడ్డీ వేయిస్తాను. రెండూ కలిపి ఆరు కిలోలు ఉండొచ్చు, ఇరుసుకు కాస్త వెనకే పడతాయి. నొగ బరువు మళ్లీ కొలవాలి. అమ్మ లోపలికెళ్లి కమోడ్ మీద కూర్చుని లేచి చూసుకుంది. బయటికొచ్చి మా ఆవిడను అడిగింది, "ఆ రోజు పొద్దున ఇడ్లీ చేద్దామా, దోసెలా? కాఫీ మాత్రం రెండుసార్లు తాగుతాను" అని.